సోషియాలజీ కొత్తగా ఏమైనా చెబుతుందా, తెలిసినదానికే పేర్లు పెడుతుందా?

(ఆన్‌లైన్ చర్చ. ప్రతి మాటకూ పైన ఉన్నది రాసినవాళ్లు పెట్టుకున్న పేరు.)

పాత లెడ్జరు, చిత్తూరు (ఆదివారం రాత్రి)

మా అక్క మనవరాలు తిరుపతిలో డిగ్రీ ముగించింది. ఎమ్మే సోషియాలజీ చేస్తానంటోంది. వాళ్ల నాన్నేమో బీఈడీ చెయ్యమంటాడు. ఇద్దరి మధ్యా నన్ను కూర్చోబెట్టారు. సరే, అసలు అందులో ఏముందో చూద్దామని మొన్న తిరుపతిలో ఒక ఉపన్యాసానికి ఆ పిల్లతోపాటే పోయాను. ఆధునిక సమాజాన్నీ దాని సంస్థల్నీ అర్థం చేసుకోవడానికి సోషియాలజీ ఎట్లా పనికొస్తుంది అన్నది అంశం. గంటన్నర సాగింది.

అందులో నలభై నిమిషాలు పల్లెవెలుగు బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకోవడం గురించే. తువ్వాలు వేస్తే ఆ సీటు వాళ్లదేనని అందరూ ఒప్పుకుంటారట. చట్టం లేదు, కండక్టరు చెప్పడు, అయినా పాటిస్తారట. దాన్ని సామాజిక నియమం అంటారట. అయ్యా, మా అమ్మ వేలిముద్ర మనిషి. ఆమెకీ తెలుసు ఈ సంగతి. దీనికి రెండేళ్ల ఎమ్మే ఎందుకు?

నా సవాలు ఒక్కటే. మన చుట్టుపక్కల మనుషులకు అంతకుముందు తెలియనిది, సోషియాలజీ కనిపెట్టి చెప్పింది ఒక్కటంటే ఒక్కటి చూపించండి. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేశాను, జనాన్ని చూడనివాణ్ణి కాదు. పెద్ద మాట వాడితే పక్కనే అర్థం చెప్పండి. పార్టీల గొడవ వద్దు.

యూనివర్సిటీ గేటు, తిరుపతి (ఆదివారం రాత్రి)

సార్, నేను ఆ సబ్జెక్టే చెబుతాను. ఆ ఉపన్యాసం ఇచ్చింది మాత్రం నేను కాదు, అంతవరకు బతికిపోయాను. తువ్వాలు మీద నలభై నిమిషాలు మాట్లాడి, అడగాల్సిన ప్రశ్న అడక్కుండా వదిలేశారు. నియమం ఉందని అందరికీ తెలుసు. అది ఎక్కడ చెల్లదు? రిజర్వేషన్ బస్సులో తువ్వాలును ఎవరూ లెక్కచేయరు, అక్కడ నంబరుకే విలువ. బస్టాండులో చెల్లేది దారిలో చెయ్యెత్తి ఆపిన చోట చెల్లదు. ఎవరి తువ్వాలు చెల్లుతుంది, ఎవరిది చెల్లదు అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. వాళ్లు అక్కడిదాకా పోలేదు.

మీ బ్యాంకు సంగతే తీసుకుందాం. ఫలానా బ్యాంకు మునిగిపోతోందని పుకారు పుట్టిందనుకోండి. బ్యాంకు నిక్షేపంగా ఉంది. కానీ పుకారు నమ్మి అందరూ ఒకేరోజు డబ్బు తీసుకుంటే అది నిజంగానే మునుగుతుంది. అబద్ధం తనను తాను నిజం చేసుకుంటుంది. రాబర్ట్ మెర్టన్ అనే సోషియాలజిస్టు 1948లో రాసిన వ్యాసంలో మొదట్లోనే సరిగ్గా ఇలాంటి బ్యాంకు కథ వస్తుంది. ఆ తర్వాత దాన్ని ఆయన పరీక్షల భయానికి, కార్మిక సంఘాలకు, జాతి వివక్షకు వర్తింపజేశాడు. 'వాళ్లకు ఈ పని చేతకాదు' అని ముందే అనుకుని, నేర్చుకునే అవకాశం ఇవ్వకుండా ఉండి, చివరికి 'చూశారా, చేతకాలేదు' అనడం కూడా అదే లెక్క.

ఇంకొకటి. టీవీ పెడితే రోజుకు పదిసార్లు వినిపించే 'ఓటు బ్యాంకు' అన్న మాట ఉంది కదా. దాన్ని వాడుకలోకి తెచ్చింది ఎం.ఎన్. శ్రీనివాస్. ఆయన సోషియాలజిస్టు, మైసూరు ప్రాంతపు పల్లెలో ఉండి రాసినవాడు.

పాత లెడ్జరు, చిత్తూరు

పుకారుతో బ్యాంకు మునుగుతుందని మాకు ట్రైనింగులో మొదటి వారమే చెప్పారు మేడం. అది చెప్పింది బ్యాంకువాడు. ఓటు బ్యాంకు మాట మీ వాళ్లదేనంటే సంతోషం, కానీ అది పేరే కదా? నేనన్నదీ అదే, పేర్లు పెడతారని.

నాకు తెలిసిన ఉదాహరణ నేను చెబుతాను. డ్వాక్రా. పెద్ద పెద్దవాళ్లకు తాకట్టు మీద ఇచ్చిన అప్పులు మొండిబాకీలైపోయేవి. తాకట్టేమీ లేకుండా పదిమంది ఆడవాళ్ల సంఘానికి ఇచ్చిన అప్పు మాత్రం కంతు తప్పకుండా వచ్చేది. పుత్తూరు వైపు ఒక పల్లెలో నేను కళ్లారా చూశాను. మినిట్స్ బుక్కు తెరిచి పెట్టుకుని చెట్టుకింద చాపమీద కూర్చున్నారు. ఒకామె కంతు తక్కువైంది. మిగతావాళ్లు ఒక్క మాట అనలేదు, పొదుపులోంచి తీసి సరిచేశారు. ఆమె తలెత్తలేదు. ఆ తలెత్తకపోవడమే మా తాకట్టు. దీన్ని మేం పరువు అంటాం. ఇది తెలుసుకోవడానికి సోషియాలజీ అక్కర్లేదు, ఊళ్లో పుట్టి ఉంటే చాలు.

సంఘం అక్క, కార్వేటినగరం దారి (సోమవారం పొద్దున)

సార్, మీరు చూసింది మేం చూపించింది. కోపం తెచ్చుకోవద్దు. నేను చాలా ఏళ్లు యానిమేటరుగా, అంటే సంఘాల పుస్తకాలు రాసే మనిషిగా చేశాను. మీలాంటి ఆఫీసరు సార్లు వస్తున్నారంటే ముందురోజే బుక్కు సరిచేసుకునేవాళ్లం.

మీ లెడ్జరులో కంతు కట్టినట్టు పడింది, నిజమే. ఏ డబ్బుతో కట్టిందో మీ లెడ్జరుకు తెలుసునా? వారం వారం ఇంటిముందుకొచ్చి వసూలు చేసే ఫైనాన్సు కంపెనీల దగ్గర తెచ్చి బ్యాంకు కంతు కట్టినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. ఆ కంపెనీ వారానికి ఇంకో కంపెనీ. చివరికి చెవికమ్మలు. 2010లో ఆ కంపెనీల వసూళ్ల మీద ఎంత గొడవైందో మీకు గుర్తుండాలి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అప్పటిదాకా కాగితాల్లో అందరి రికవరీ బ్రహ్మాండంగా ఉండేది. మీదీ, వాళ్లదీ.

మా ఊరికి ఆ రోజుల్లో యూనివర్సిటీ పిల్ల ఒకతె వచ్చింది. చేతిలో ఫారం. 'మీ ఇంట్లో మొత్తం అప్పులెన్ని?' అని అడిగింది. అందరం 'రెండు' అన్నాం. సంఘం అప్పొకటి, బంగారం మీదొకటి. రాసుకుంది. పోలేదు. మూడు రోజులు మాతోపాటు కూర్చుని చింతపండు కొట్టింది. గింజ తీయడం రాక వేళ్లు వాచిపోయినాయి. మూడో రోజు మా పక్కింటామె తనంతట తనే మొదలుపెట్టింది. 'రెండని రాసుకున్నావే, అది కొట్టెయ్' అని. ఒక్కొక్క అప్పు చెబుతా పోయింది. ఆ లెక్క విని నేను బిత్తరపోయినాను. పక్క గోడ అవతల ఉండేదాన్ని, నాకే తెలీదు. పరువనేది మీ బ్యాంకుకు తాకట్టు సార్, మాకు మూత. ఏ ఇంట్లో ఏముందో పక్కింటికి తెలీకుండా మూసి పెట్టింది కూడా అదే పరువు.

అది సోషియాలజీనో ఇంకొకటో నాకు తెలీదు. మీరు తెలియనిది ఒకటి చూపించమన్నారు, చూపించినాను.

మామిడి తోట, బంగారుపాళెం

అక్క బలే చెప్పింది. సార్ ఇప్పుడు ఏమంటారో చూద్దాం.

పాత లెడ్జరు, చిత్తూరు

అమ్మా, మీ మాటకు నా దగ్గర జవాబు లేదు. రికవరీ శాతం చూసి మాకు మెచ్చుకోలు ఉత్తరాలు వచ్చేవి. ఒక్క సందేహం మాత్రం ఉంది. ఆ లెక్క చెప్పింది మీ పక్కింటామె. ఆమెకు ముందే తెలుసు. అంటే తెలియని సంగతి కాదు కదా?

ఆప్షనల్ సోషియాలజీ (సోమవారం మధ్యాహ్నం)

నేను సివిల్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. సార్‌కు సమాధానం: సోషియాలజీకి ముగ్గురు మూలపురుషులు. కార్ల్ మార్క్స్ వర్గ సంఘర్షణ సిద్ధాంతం, ఎమిల్ దుర్ఖైమ్ సామాజిక ఐక్యత సిద్ధాంతం, మాక్స్ వెబర్ హేతుబద్ధీకరణ సిద్ధాంతం. ఆధునిక సంస్థలను ఈ మూడు దృక్కోణాల నుంచి చూడవచ్చు. మొదటిది

మామిడి తోట, బంగారుపాళెం

సామీ, ఇది పరీక్ష హాలు కాదు. ఒక్కటి పట్టుకుని చెప్పు, మన ఊరి సంగతిలో పెట్టి.

ఆప్షనల్ సోషియాలజీ

సారీ అన్నా. అలవాటైపోయింది. వెబర్‌ను పట్టుకుంటాను.

తిరుమల ఆలయ పాలన చూడండి. 1843లో ఈస్టిండియా కంపెనీ దాన్ని హాథీరాంజీ మఠం మహంతులకు అప్పజెప్పింది. తొంభై ఏళ్లు వాళ్లే. 1933 నుంచి చట్టప్రకారం దేవస్థానం కమిటీ వచ్చింది. అర్చకుల వంశపారంపర్య మిరాశీ హక్కుల్ని 1987 చట్టం రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. వెబర్ చెప్పిన మార్పు ఇదే. అధికారం ఒక మనిషిదో వంశానిదో కాకుండా కుర్చీది అవుతుంది. కుర్చీలో ఎవరు కూర్చున్నా రూలు ఒకటే, ఫైలు ఒకటే. ఆయన ఇది రాసింది జర్మనీలో, వందేళ్ల కిందట. మన కొండమీది కథకు అతికినట్టు సరిపోతుంది.

శ్రీసిటీ షిఫ్టు

అతికినట్టు సరిపోతుందా? బ్రేక్ దర్శనానికి సిఫార్సు లెటర్ ఎవరెవరికి దొరుకుతుందో చూసి చెప్పు తమ్ముడూ. రూలు అందరికీ ఒకటేనని వెబర్ అన్నాడేమో, మా ఫ్యాక్టరీలో హెచ్ఆర్ కూడా అదే అంటాడు.

యూనివర్సిటీ గేటు, తిరుపతి

తమ్ముడు చెప్పింది సగమే. కానీ షిఫ్టు గారూ, ఆ లెటర్‌ను ఒకసారి పరీక్షగా చూడండి. పాతకాలంలో పలుకుబడి అంటే ఒక మనిషి ఇంకో మనిషి చెవిలో చెప్పే మాట. ఇప్పుడు దానికి లెటర్‌హెడ్ కావాలి, తేదీ ఉండాలి, పేర్లూ ఆధార్ నంబర్లూ రాయాలి, ఎవరి లెటర్ మీద ఎంతమందికి అని కోటా ఉంటుంది. రూలు వచ్చి పలుకుబడిని చంపెయ్యలేదు, పలుకుబడే దరఖాస్తు ఫారం తొడుక్కుంది. రూలుకు పలుకుబడి శత్రువు అనుకుంటాం మనం. ఇక్కడ రెండూ ఒకే కౌంటరులో కూర్చున్నాయి. సంస్థ కాగితం మీద ఎట్లా ఉందన్నది ఒకటి, నడిచేది ఎట్లా అన్నది ఇంకొకటి. ఆ సందు మధ్యలో నిలబడి చూడటమే మా పని.

సేవా కండువా

నాకు ఈ సిద్ధాంతాలు తెలియవు. శ్రీవారి సేవకు రెండుసార్లు పోయాను, కంపార్ట్‌మెంట్లలో పాలూ ఉప్మా అందించాను. గంటలకొద్దీ కూర్చున్నవాళ్లు విసుగుతో ఉంటారు, పిల్లలు ఏడుస్తుంటారు. గేటు తీస్తున్నారని తెలియగానే ఒక మూల 'గోవిందా' అని లేస్తుంది, తర్వాత హాలంతా. ఆ క్షణంలో పక్కవాడు ఎవరు, ఏ కులం అని ఎవరికీ గుర్తుండదు. కల్యాణకట్టలో గుండు చేయించుకున్నాక అందరూ ఒకటే. డాక్టరా కూలీయా అని పోల్చుకోలేం. సమాజం అంటే నాకు అదే. దాన్ని ముక్కలు చేసి చూడటం ఎందుకో?

యూనివర్సిటీ గేటు, తిరుపతి

అక్కా, మీరు చెప్పిన ఆ 'గోవిందా' క్షణం గురించే దుర్ఖైమ్ 1912లో ఒక పుస్తకమంతా రాశాడు. జనం ఒకచోట చేరి ఒకే మాట, ఒకే కదలిక అయినప్పుడు తమకన్నా పెద్దదేదో తమను పట్టుకున్నట్టు ఉంటుందని. మీకు కలిగింది నిజమైన అనుభవం, నేను కాదనను.

కానీ ఇరావతి కార్వే కథ చెప్పాలి. పుణెలో పనిచేసిన సోషియాలజిస్టు. ఆళంది నుంచి పండరిపురానికి పల్లకీ వెంట నడిచే వార్కరీలతో, అంటే విఠోబా భక్తులతో, ఆవిడ కూడా నడిచింది. దాని మీద ఆవిడ వ్యాసం ఇంగ్లీషులో 1962లో వచ్చింది. దారి పొడవునా అందరూ కలిసి అభంగాలు పాడారు, కలిసి నడిచారు. మధ్యాహ్నం భోజనం దగ్గరికి వచ్చేసరికి బ్రాహ్మలు వేరు, మరాఠాలు వేరు. పాట ఒకటి, పొయ్యిలు రెండు. ఆవిడకు ఆ భక్తి మీద ప్రేమ ఉంది, అందుకే ఆ పొయ్యిలు ఆవిడను అంత బాధపెట్టాయి.

తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది, అక్కడ ఒకే బంతి. అందుకే పండరిపురం దారికీ మనకూ తేడా ఉంది. పాట చూసి లెక్క కట్టకుండా పొయ్యి దగ్గరికి పోయి చూడాలన్నది మాత్రం ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. మీరు కొండ దిగి మీ ఊరు చేరాక, మీతోపాటు సేవ చేసినవాళ్లలో ఎవరింటికి భోజనానికి పోయారు?

సేవా కండువా

ఒకరింటికి పోయాను. మా చుట్టాలే.

శ్రీసిటీ షిఫ్టు (సోమవారం రాత్రి, షిఫ్టు దిగి)

మేడం బాగా చెబుతున్నారు, కానీ నా అసలు అనుమానం వేరే. గంగజాతర తీసుకోండి. మా మామ ఏటా మొక్కుకుని చీర కట్టుకుంటాడు, వేషం వేస్తాడు. అడిగితే 'చిన్నప్పుడు జబ్బు చేస్తే మా అమ్మ మొక్కింది' అంటాడు, అంతే. సోషియాలజీ పుస్తకం ఏమంటుంది? దీనికి పైకి కనిపించే ప్రయోజనం ఒకటి, లోపల దాగిన ప్రయోజనం ఇంకొకటి అంటుంది. మీ మెర్టనే ఈ మాట అన్నాడు, వాన కోసం అమెరికాలోని హోపీ తెగవాళ్లు చేసే నాట్యం ఉదాహరణగా. వాన రాకపోయినా, చెల్లాచెదురుగా ఉన్న జనాన్ని కలుపుతుంది కాబట్టి అది కొనసాగుతుందట.

సరే. జాతరలో జనం కలిసిమెలిసి ఉంటే 'ఐక్యత పెరిగింది' అంటారు. కొట్టుకుంటే 'ఏడాది పొడవునా అణిచిపెట్టుకున్నది బయటపడింది, ఇక శాంతి' అంటారు. మగవాడు ఆడవేషం వేస్తే 'ఒక్క రోజు తలకిందులు చేసి మళ్లీ పాత కట్టుబాటునే గట్టిపరిచారు' అంటారు. ఏం జరిగినా సిద్ధాంతానికి మచ్చ పడదు. మా లైన్‌లో టెస్టింగ్ మెషీన్ ప్రతి పీసునూ పాస్ చేస్తే మెషీన్ చెడిపోయిందని అర్థం.

పైగా మీ దుర్ఖైమ్ ఆ 1912 పుస్తకం రాసింది ఆస్ట్రేలియా ఆదివాసుల మీద. ఆయన ఆస్ట్రేలియాలో కాలు పెట్టలేదు. మా మామ దగ్గరికైనా రమ్మనండి, టీ ఇప్పిస్తాను.

యూనివర్సిటీ గేటు, తిరుపతి

ఈ దెబ్బ తగిలింది. కాదనడానికి లేదు. మెషీన్ పోలిక నేను క్లాసులో వాడుకుంటాను, అనుమతి ఇవ్వండి.

ఏది జరిగినా సమాజానికి మంచికే అని చెప్పే ఆ పద్ధతి మీద సోషియాలజీ లోపలే పెద్ద తిరుగుబాటు జరిగింది. సి. రైట్ మిల్స్ అనే ఆయన 1959లో ఒక తమాషా చేశాడు. అప్పట్లో అమెరికాలో మహామహుడైన టాల్కాట్ పార్సన్స్ రాసిన పొడవాటి పేరాలు తీసుకుని, ఒక్కొక్కదాన్నీ నాలుగు మామూలు వాక్యాల్లోకి మార్చి చూపించాడు. మిగిలింది అంతేనని. లెడ్జరు సార్ ఫిర్యాదు అప్పుడే నమోదైంది. కాకపోతే మిల్స్ కేసు పెట్టి బయటికి పోలేదు, లోపలే ఉండి పోట్లాడాడు.

మీ మామ 'మా అమ్మ మొక్కింది' అంటే అది కారణమే. దాన్ని పక్కన పెట్టి 'అసలు కారణం నాకు తెలుసు' అనే హక్కు మాకెవరూ ఇవ్వలేదు. అయితే మీ మెషీన్‌లో పాస్ కాని పీసులు కూడా మా దగ్గర ఉన్నాయి. మీకు ఉద్యోగం ఎవరి ద్వారా వచ్చింది?

శ్రీసిటీ షిఫ్టు

హాస్టల్‌లో నా రూమ్మేట్ ఉండేవాడు, వాడి ఊరివాడు ఒకడు. పెద్దగా పరిచయం లేదు. వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టాడు, ఫలానా రోజు ఇంటర్వ్యూలని. ఏం?

యూనివర్సిటీ గేటు, తిరుపతి

ఎవర్ని అడిగినా ఏమంటారు? ఉద్యోగం కావాలంటే సొంత మనుషులుండాలి అంటారు. బోస్టన్ పక్కన న్యూటన్‌లో మార్క్ గ్రానోవెటర్ ఉద్యోగం మారినవాళ్లను అడిగాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం, అరుదుగా కలిసేవాళ్లు 27.8 శాతం. 1973లో అచ్చైంది. సొంతవాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు వచ్చేది దూరపు పరిచయం నుంచే. ఇది తప్పయ్యే అవకాశమున్న మాట. అంకెలు తిరగబడి ఉంటే ఆయన వాదన పోయేది.

శ్రీసిటీ షిఫ్టు

ఎంతమందిని అడిగాడు?

యూనివర్సిటీ గేటు, తిరుపతి

ఆ శాతాలు 54 మంది మీద. నవ్వండి, నవ్వదగిన సంఖ్యే. కానీ లింక్డ్ఇన్‌లో 2 కోట్ల మంది మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. గ్రానోవెటర్ మాట నిలబడింది, ఒక సవరణతో. మరీ దూరపు పరిచయమూ పనికిరాదు, మధ్యస్తంగా తెలిసినవాళ్లే ఎక్కువ ఉపయోగపడ్డారు. మీ రూమ్మేట్ ఊరివాడు సరిగ్గా అక్కడ కూర్చుంటాడు.

మామిడి తోట, బంగారుపాళెం (మంగళవారం)

ఉద్యోగాలకు సరే. మాకు చుట్టరికమే. తోతాపురి కోత జోరుమీద ఉన్నప్పుడు గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు కిలోమీటర్లు ఆగిపోతాయి. కాయ రెండు రోజులు ఎండలో ఉంటే అడుగున నలిగి నీరు కారుతుంది, తూకం పడిపోతుంది. బోర్డు మీద రేటు అందరికీ ఒకటే. గేటు లోపలికి ముందు పోయేదెవరన్నది బోర్డు మీద ఉండదు. టోకెన్ ఇచ్చేవాడికి ఫోన్ చేయగలిగినవాడిది ముందు పోతుంది. ఫోన్ చేయలేనివాడు ర్యాంపులో, అంటే కాయలు కొనే చోట, దళారికి ఇచ్చేసి ఇంటికి పోతాడు, చెప్పిన రేటుకు. నాకు పొలం ఉంది, ట్రాక్టరుంది, ఫోన్ చేయడానికి మనిషి లేడు. మార్కెట్ అంటే డిమాండూ సప్లై అని పేపర్లో రాస్తారు. నేను చూసిన మార్కెట్ ఒక గేటు, ఒక వాచ్‌మన్, ఒక ఫోన్.

సోషియాలజీ ఇది చెబుతుందనుకుందాం. చెప్పి ఏం చేస్తుంది? రేటు పెరుగుతుందా?

యూనివర్సిటీ గేటు, తిరుపతి

పెరగదు అన్నా. అబద్ధం చెప్పను. మార్కెట్ మనుషుల పరిచయాల్లో నాటుకుని ఉంటుందని 1985లో రాసింది కూడా ఆ గ్రానోవెటరే. కానీ రైతుకు అన్యాయం జరుగుతోందంటే అధికారి ముందు 'రేటు' మీద మాట్లాడతారు, 'గేటు' మీద మాట్లాడరు. ఎవరి ట్రాక్టరు ఏ గంటకు వచ్చింది, ఏ గంటకు లోపలికి పోయింది అని వారం రోజులు రాసిపెట్టిన కాగితం ఒకటి చేతిలో ఉంటే మాట తీరు మారుతుందని నా ఆశ.

బీటెక్ అయిపోయినోడు

నా గోడు కూడా ఒకటి వినండి. మా నాన్న ఇంటర్‌తో గుమాస్తా అయ్యాడు. నేను బీటెక్ చేసి అలాంటి పనికే అప్లై చేశాను. ఇంటర్వ్యూలో పక్కన ఎంటెక్ కూర్చుని ఉన్నాడు. పని అదే, మారింది చదువు. ఇంట్లో మాత్రం 'నువ్వు సరిగా చదవలేదు' అంటారు.

గరుడ సేవ రోజు గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది ఈ బాధ. ముందు వరుసలో ఒకడు బిడ్డను భుజాలకెత్తుకుంటాడు. వెనకవాడికి కనపడదు, వాడూ ఎత్తుకుంటాడు. పది నిమిషాల్లో అందరి భుజాలమీదా పిల్లలే. కూర్చున్నప్పుడు ఎంత కనిపించిందో ఇప్పుడూ అంతే కనిపిస్తుంది, భుజాలు మాత్రం పీకుతుంటాయి. రొనాల్డ్ డోర్ అనే సోషియాలజిస్టు 1976లోనే దీన్ని డిగ్రీల జబ్బు అన్నాడని మా సార్ చెప్పాడు. జపాన్, శ్రీలంక, కెన్యా లాంటి దేశాల్లో చూసి రాశాడట. నాకు అది వినగానే ఏడుపొచ్చింది, నిజం. మూడేళ్లుగా తప్పు నాదే అనుకుంటున్నాను.

పాత లెడ్జరు, చిత్తూరు

బాబూ, మీ నాన్న తరంలో నేనూ ఉన్నాను. డిగ్రీ మీద చేరాను, అప్పట్లో అదే ఎక్కువ. నీ మాట మా అక్క మనవరాలి నాన్నకు చదివి వినిపిస్తాను.

శ్రీసిటీ షిఫ్టు

బాధ తగ్గిందంటే సంతోషం తమ్ముడూ. కానీ 'తప్పు నాది కాదు, వ్యవస్థది' అనే మాట అలవాటైతే ప్రమాదం. మా లైన్‌లో ఒకడు రోజూ లేటుగా వచ్చి అదే చెబుతాడు.

పాత లెడ్జరు, చిత్తూరు (గురువారం రాత్రి)

నిన్నా ఇవాళా చిత్తూరు బస్టాండుకు పోయి కూర్చున్నాను. ఇంట్లో ఎందుకని అడిగితే వాకింగ్ అన్నాను. మేడం మొదట్లో అన్న మాట మనసులో గుచ్చుకుంది, ఎవరి తువ్వాలు చెల్లుతుంది, ఎవరిది చెల్లదు అని. నా ఉద్దేశం తువ్వాలు ఎవరిదైనా చెల్లుతుందని.

పలమనేరు పోయే పల్లెవెలుగు వచ్చింది. ఇస్త్రీ చొక్కా మనిషి కిటికీలోంచి జేబురుమాలు వేశాడు. ముగ్గురు వచ్చి చూసి పక్కకు తప్పుకున్నారు. రెండు సీట్ల వెనక ఒక ముసలామె కిటికీలోంచి సంచి పెట్టి, తిరిగి వచ్చి ఎక్కేసరికి ఆ సంచి పైన రాక్‌లో ఉంది. సీటులో కుర్రాడు. ఆమె ఏమీ అనలేదు, కడ్డీ పట్టుకుని నిలబడింది. సరే, ఒకసారి జరిగిందిలే అనుకున్నాను. ఇవాళ ఇంకో రెండు బస్సులు చూశాను. స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం వచ్చాక బస్సుల్లో ఆడవాళ్లు బాగా కనిపిస్తున్నారు, సీటు కోసం పోటీ కూడా అట్లాగే ఉంది. తువ్వాలును ఎవరూ కదపలేదు. గోతాం సంచి ఒకటి కిందికి పోయింది, ప్లాస్టిక్ బుట్ట ఒకటి డ్రైవరు పక్కకు పోయింది. ఆ రెండింటి యజమానులూ కూలికి పోయి వస్తున్న ఆడవాళ్లు. మూడు బస్సులతో ఏదీ తేలదని షిఫ్టు బాబు అంటాడు, నిజమే. కానీ డెబ్బై ఏళ్లుగా ఆ బస్సులు ఎక్కుతున్నాను. ఒక్కసారి కూడా ఇది నా కంట పడలేదు.

సంఘం అక్క, కార్వేటినగరం దారి

ఎట్లా పడుతుంది సార్, మీరు జేబురుమాలు వేసే మనిషి. ఆ సంచి మాది. మాకు ఇది మొదట్నుంచీ తెలుసు. అందుకే మా ఊరి ఆడవాళ్లం సంచి పెట్టం, పిల్లను కిటికీలోంచి లోపలికి దించేస్తాం. పిల్లను రాక్‌లో పెట్టలేరు కదా.

పాత లెడ్జరు, చిత్తూరు

అమ్మా, మీకు ముందే తెలిసిందైతే నా సవాలు నేను గెలిచినట్టు. నాకు తెలియనిదైతే ఓడినట్టు. ఏదో తేల్చుకోలేకపోతున్నాను.

మా అక్క మనవరాలు పోయిన వారమే ఎమ్మే ప్రవేశపరీక్ష పీజీసెట్‌కు అప్లై చేసేసిందట. ఫీజు వాళ్ల అమ్మ సంఘం పొదుపులోంచి తీసి కట్టింది. మా ఎవరికీ చెప్పలేదు.